లీల గొంతుకు తగినట్టు దించవలసిన పాట

సిరిసిల్ల నేతవాడలో ఉండే కోడం లక్ష్మీరాజం అనే నేను, తండ్రి కీర్తిశేషులు నర్సయ్య, వయసు డెబ్బై ఒకటి, మొదట సాంచాలనే మరమగ్గాల మీద నేత పని, తర్వాత దుబాయిలో కూలి పని, ఇప్పుడు చదువుకోవడం తప్ప పనిలేదు, ఈ వీలునామాను నా చేతితో రాస్తున్నాను. నా తెలివి సరిగానే ఉంది. ఎవరూ బలవంతపెట్టలేదు. నన్ను బలవంతపెట్టడం ఎంత కష్టమో నా భార్య లీలను అడగవచ్చు. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. ఎవరైనా చూపిస్తే అది దొంగది.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, ముందున్న రేకుల వసారాతో సహా, సర్వహక్కులతో లీలకు చెందాలి. ఆమె తదనంతరం మా ఒక్కగానొక్క బిడ్డ కల్యాణికి. ఆ వసారాలో ఒకప్పుడు మా సాంచాలు నడిచేవి. గిరాకీ పడిపోయిన కాలంలో అవి పాత ఇనుము కింద తూకానికి పోయాయి, నేను దుబాయికి పోయాను. ఆ ఏళ్లన్నీ లీల బీడీలు చేసి ఇల్లు నడిపింది, బిడ్డను చదివించింది. తంబాకు దుమ్ము ఆమె గొంతులో దిగింది. వాడలో అందరికంటే పైకి పలికిన గొంతు అది. ఈ ఇల్లు ఆమెకు ఇస్తున్నాననడం కాగితం కోసం రాసే మాట. నిలబెట్టింది ఆమె.

2. నా పుస్తకాలన్నీ పక్కింటి గౌరవ్వకు. ఆమెకు చదువు రాదు. లీలతో కలిసి బీడీలు చేస్తూ నేను చదివితే వినేది, దగ్గు వచ్చి ఆపితే తిట్టేది. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. ఎవరితోనైనా చదివించుకోవాలి.

3. మా తాత వాయించిన హార్మోనియం గంభీరావుపేట భజన మండలికి. నా చిన్నాయన కొడుకు, కోరుట్లలో బ్యాండు నడిపే శ్రీశైలం, దీన్ని చాలాకాలంగా అడుగుతున్నాడు. ఎందుకు ఇవ్వడం లేదో రాతలో ఉండాలి.

నేను దుబాయి నుంచి వచ్చిన ఏడాది కోరుట్లలో వాళ్ల ఇంటి ముందు బతుకమ్మ ఆడారు. పాట ఎత్తుకోవడానికి లీలను పిలిచారు. శ్రీశైలం తన కీబోర్డును తనకు నచ్చిన శృతిలో పెట్టాడు. లీల అందుకోబోయింది, గొంతు చీలింది. "జర దించరాదు శ్రీశైలం" అంది. అతడు మైకులోనే, "గీ శృతి మారదు వదినె. గొంతు పోయినోళ్లు చప్పట్లు కొట్టుండ్రి, సాలు" అన్నాడు. అందరూ నవ్వారు. లీల పాట అయ్యేదాకా చప్పట్లు కొట్టింది. ఇంటికి వచ్చాక బీడీల చాట ముందు కూడా పాడటం మానేసింది. శృతి దించే మీట ఆ కీబోర్డు మీద అతని బొటనవేలి పక్కనే ఉందని నాకు తర్వాత తెలిసింది. అతనికి అప్పుడే తెలుసు.

4. సీక్వెన్సర్ అనే సంగీతపు పెట్టె, దానికి తీగతో కలిపే చిన్న కీబోర్డు లీలకు చెందాలి. అమ్మకూడదు.

దుబాయి క్యాంపులో నా పక్క మంచం మలయాళీ జోసెఫ్‌ది. కంపెనీ మూతపడి అందరినీ ఇళ్లకు పంపినప్పుడు, విమానంలో బరువు ఎక్కువవుతుందని చెప్పి అతను ఈ పెట్టెను నాకిచ్చాడు. అబద్ధం. అతని సంచి నా సంచికన్నా తేలిక. దీన్ని వాడటం అతనే నేర్పాడు. రికార్డు మీట ఒత్తి కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే ఆ స్వరం మొదటి గడిలో కూర్చుంటుంది, పెట్టె తనంతట తానే రెండో గడికి జరుగుతుంది. గొంతు ఆగవలసిన చోట ఖాళీ మీట. "చాచా, ఏక్ ఏక్ సుర్ బిఠావో, జల్దీ నహీ" అనేవాడు, ఒక్కొక్క స్వరాన్నే కూర్చోబెట్టు, తొందర వద్దని. చీర అంచు నమూనా కోసం మగ్గానికి తగిలించే డాబీ చెక్కపట్టీల మీద చీలలు కొట్టినవాడికి ఇది కొత్త కాదు. చీల ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు.

లీల మౌనం భరించలేక ఆ పెట్టె మూట విప్పాను. ఆమె పాట నాకు కంఠతా వచ్చు. ఆమె మాట్లాడే గొంతుకు అందేంత కింద, ఒక్కొక్క స్వరం ఎక్కించాను. వంటింట్లోంచి విని, "గది బతుకమ్మ పాటనా, శవం ముంగట పాటనా? జర ఉరికియ్యి" అంది. ఉరికించాను. రెండో చరణంలో ఆమె గొంతు వచ్చి కలిసింది. జోసెఫ్ ఎక్కడున్నా అతనికి నా దండం.

ఆమె గొంతు ఏటేటా ఇంకొంచెం దిగింది. అంచు జరపాలంటే చీలలన్నీ పీకి మళ్లీ కొట్టడమే నాకు తెలిసిన పద్ధతి. అందుకని ప్రతి పండుగకు ముందు పాటంతా చెరిపి, ఒక్కొక్క స్వరాన్ని కింది మెట్టు మీద మళ్లీ ఎక్కించేవాణ్ని. జగిత్యాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతున్న కల్యాణి ఒకసారి వచ్చి చూసి, "బాపూ, గిన్నేండ్ల సంది గిదేనా నీ పని? గీ మీట ఒత్తి పట్టి కింది మెట్టు నొక్కు, అన్నీ ఒక్కపారే దిగుతయి" అంది. దిగాయి. ఆ రోజు నేను బిడ్డను మెచ్చుకోలేదు, కసిరాను. ఇప్పుడు మెచ్చుకుంటున్నాను.

5. ఈ వీలునామాను అమలు చేయవలసింది కల్యాణి. నాకున్న దిగులు ఒక్కటే: నేను పోయాక లీల కోసం పాటను దించేవాళ్లు లేక ఆమె మళ్లీ మౌనంలో పడుతుందేమోనని. కాబట్టి, బిడ్డా, ప్రతి ఏడూ పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మకు ముందే సిరిసిల్లకు రా. ఎంత దించాలని అమ్మను అడగకు. పౌరుషం కొద్దీ "గట్లనే ఉండనియ్" అంటుంది. చాట ముందు కూర్చుని ఆమె కూనిరాగం తీసినప్పుడు విను. అది ఎక్కడుంటే పాటను అక్కడికి దించు. పాట కింద డప్పు దెబ్బలు ఎక్కించిన తాళం వరుసను ముట్టకు. దాన్నీ దించితే డప్పు మోగాల్సిన చోట గంట మోగుతుంది. దాచే మీట ఒత్తడం మరిచిపోకు. మరిచిపోతే కరెంటు పోగానే పాట మళ్లీ పాత ఎత్తుకు ఎక్కి కూర్చుంటుంది.

6. సాక్షి సంతకం చేసేవాడికి వీలునామాలో ఏమీ రాయకపోవడం మంచిదని వకీలు చెప్పాడు. అందుకే శ్రీశైలాన్ని సాక్షిగా పెట్టాను. సంతకం చేసే ముందు అతడు ఇదంతా చదవాలి. నేను చదివిన నవలల్లో ముసలివాళ్లు చివరికి అందరినీ క్షమిస్తారు. ఆ అధ్యాయాలు నాకు నచ్చవు. అయితే ఆ రోజు అతడు ఆ మాట అనకపోతే పెట్టె మూటలోనే ఉండేది. అందుకు కృతజ్ఞత చెబుతున్నాను. క్షమించడం లేదు.

7. గొంతు దిగుతూ దిగుతూ ఒక ఏడాది కీబోర్డు అడుగు మెట్టు కూడా దాటిపోతుంది. అప్పుడు స్వరాలన్నీ తీసేసి తాళం ఒక్కటే ఉంచు, కల్యాణీ. నువ్వు పాడు. అమ్మ చప్పట్లు కొడుతుంది. ఈసారి తనకు ఇష్టమై కొడుతుంది.

సిరిసిల్ల, 2019 సెప్టెంబరు 9.

(సంతకం) కోడం లక్ష్మీరాజం

సాక్షులు:
కిష్టవ్వ, నేతవాడ, సిరిసిల్ల (వేలిముద్ర)
కోడం శ్రీశైలం, కోరుట్ల. అన్నా, మొత్తం చదివిన.