వేలిముద్ర వేసిన కేటలాగు

ఓబులేసూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నిన్న కర్నూలులో నీ అభిమాన చిత్రకారుడి ప్రదర్శన చూశాను. కలుపు తీసే ఆడవాళ్లను కొయ్యపలక మీద చెక్కి, అచ్చులు తీశాడు. బాగున్నాయి, ఒప్పుకుంటాను. కేటలాగు మీద సంతకం కోసం జనం వరుస కట్టడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అది వ్యక్తిపూజే.

కమలాపురం రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసిన మనిషివి కదా, నీకు సంతకం ఒక్కటే చాలేది కాదు. కేటలాగు మీద కూడా ఆయన చేత సంతకం పక్కన వేలిముద్ర వేయించుకునేవాడివి. "సంతకం మారతాదప్పా, వేలు మారదు" అనేవాడివి. దస్తావేజుల మీద నువ్వు వేయించిన వేలిముద్రలతోనే రైతుల భూములు పోయాయని నీ మీద పత్రికలో వ్యాసమే రాశాను. నువ్వు జవాబు రాయలేదు.

అయినా నిన్న నీ కోసం ఒక కేటలాగు కొని నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. ఎందుకని అడగకు. నీ పేరు చెప్పగానే ఆయన సంతకం చేసి, బొటనవేలు సిరాలో అద్ది, పక్కన నొక్కాడు.

"ఓబులేసు రాలేదేమప్పా? బాగుండాడా?"

"బాగుండాడు. పనిబడి రాలేకపోయినాడు."

ఇరవై ఏళ్లుగా అబద్ధాల మీద వ్యాసాలు రాస్తున్నవాణ్ని, ఆ మాట ఎలా అన్నానో తెలియడం లేదు.

"అట్లయితే ఆదివారం నేనే కమలాపురం వస్తాండా. ఇల్లు యాడుండాదో చెప్పు" అన్నాడాయన. చెప్పేశాను.

ఆదివారం ఎల్లుండే. బస్టాండులో ఆయనకు ఎదురెళ్లి నిజం చెప్పాలి. ఏం చెప్పాలో రాసుకుందామని పొద్దుటి నుంచి కూర్చున్నాను. "ఓబులేసు లేడు" తర్వాత రెండో వాక్యం రావడం లేదు.