అమ్మ అడిగిన పుస్తకం

శనివారం, మహబూబ్‌నగర్

అమ్మ ఈ మధ్యే చదవడం నేర్చుకుంది. ఇవాళ ఆమెను బస్టాండు దగ్గర యాదయ్య పుస్తకాల షాపుకు తీసుకెళ్ళి, పిల్లల బొమ్మల కథలు ఇమ్మన్నాను. ఆయన నా మాట విననట్టే అమ్మకు స్టూలు వేశాడు.

"అక్కా, నీకేం పుస్తకం గావాలె?"

అమ్మ కొంగు సవరించుకుని, "గొర్ల రోగాల మీద ఏమన్న ఉంటదా?" అంది.

ఆయన పై అరలన్నీ వెతికి, పెద్ద అక్షరాల పుస్తకం ఒకటి దించాడు. "ఒక పేజీ చదివి చూడు. అర్థమైతేనే తీస్కపో. జల్దేం లేదు."

అమ్మ కూడబలుక్కుంటూ చదివింది. వెనక ఇద్దరు పరీక్షల గైడ్ల కోసం నిలబడినా, పేజీ పూర్తయ్యేదాకా ఆయన అటు తిరగలేదు. అమ్మ తలెత్తి, "పోయినేడు మన మందకు వచ్చింది గిదే బిడ్డా" అంది నాతో.

ఆమెకు అక్షరాలు నేర్పింది నేనే. ఏం చదవాలని ఉందో మాత్రం ఇన్నాళ్ళలో ఒక్కసారీ అడగలేదు.