కప్పల్లేని కుంట మట్టి

చెల్లెలు లక్ష్మీదేవమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నాలుగు రోజులుగా ఇదే పని: కాగితం తీయడం, నీ పేరు రాయడం, మడిచి పెట్టెలో పడేయడం. నీకు చెవులు వినపడి ఉంటే ఫోన్లోనే ఏదో నసిగి తప్పించుకునేవాణ్ణి. ఇక్కడ మనుషులందరం బాగున్నాము. చేను బాగా లేదు.

పోయిన ఉత్తరంలో మూడు అడిగావు. నా మోకాలు లేచేటప్పుడు మాత్రం తిడుతోంది, కూర్చుంటే మర్యాదగానే ఉంటుంది. మీ వదినకు నీ మీద కోపమేమీ లేదు, ఆమె ముఖమే అంత. మూడోది, ఈ ఏడు వేరుశనక్కాయలు ఎందుకంత చిన్నవని. దానికి కుంట దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న ఏటా ఎండాకాలం చెరువు మట్టి చేనికి తోలించేవాడు కదా. చిటికెడు నోట్లో వేసుకుని రుచి చూసి మరీ తోలించేవాడు. మనిద్దరం చాటుగా నవ్వేవాళ్ళం. ఈసారి చెరువులో మట్టికి పోటీ ఎక్కువైందని నేను తూర్పున ఉన్న కుంటకు పోయాను. దాని పైగట్టున పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే షెడ్డు ఒకటి ఉండేది, మూతపడి ఆరేళ్ళు. మట్టి నల్లగా, వెన్నలా ఉంది. నలభై ట్రాలీలు తోలాను. రుచి మాత్రం చూడలేదు, చదువుకున్నవాణ్ణి కదా! పనికొచ్చిన అయ్యన్న పార ఆపి అడిగాడు.

"అన్నా, ఈడ ఒక్క కప్పన్నా అరిసేది లేదే. యాడికి పోయినాయంటావ్?"

"నీ మాదిరే పని చూసి పారిపోయింటాయి. తవ్వప్పా."

ఎంత తెలివైన జవాబో అని ఆ రోజంతా నాలో నేనే నవ్వుకున్నాను.

మొలక బాగానే వచ్చింది. నెలకే ఆకులు పసుపు తిరిగాయి. మన సీమలో వేరుశనగ పసుపు తిరిగితే అందరి నోటా ఒకటే మాట: నేలలో ఇనుము తక్కువ, అన్నభేది కొట్టు. మూడుసార్లు కొట్టాను. చివరికి ఒక మొక్క పీకి చూస్తే వేరు బొటనవేలంత పొట్టిగా ఉంది. కొనలు కమిలిపోయాయి. వేర్ల మీద ఉండాల్సిన బుడిపెలు ఒక్కటీ లేవు. వ్యవసాయ కార్యాలయంలో పనిచేసే హర్షిణి అనే అమ్మాయి వచ్చి మట్టీ కాయలూ పరీక్షకు కట్టుకుపోయింది.

"మొక్కకు తిండి జింకేదో, విషం కాడ్మియమేదో తెల్దు తాతా. రెండూ ఒకే వాకిట్లో వస్తే రానిస్తాది" అంది. ఆ షెడ్డు నుంచి సీసంతో పాటు కుంటలోకి దిగింది ఈ కాడ్మియమేనట. లోపలికి వచ్చాక అది ఆకులో పచ్చదనం తయారుకానివ్వదట. మొక్క తన తిండిని పెరగడానికి కాక, ఆ విషాన్ని కట్టిపెట్టి ఒక మూలన దాచడానికే ఖర్చు చేస్తుందట. సీసం చాలామటుకు వేర్లోనే ఆగుతుంది. కాడ్మియం గింజదాకా పోతుంది. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి పండితుణ్ణయినవాణ్ణి నేను. పాతికేళ్ళ వ్యవసాయ పత్రికలు అటక మీద ఉన్నాయి. వాటిలో ఎక్కడో ఈ సంగతి చదివాను కూడా. చదివింది చేనిదాకా రాలేదు.

ఇక అసలు మాట. హర్షిణి పోతూ పోతూ, "రిపోర్టు వచ్చేదాకా ఒక్క కాయ గూడా తినొద్దు, ఎవురికీ ఇయ్యొద్దు" అంది. సరేనన్నాను. మరుసటి రోజే నీకు సంచి కట్టి బస్సులో వేశాను. తొలి కాయలు ఇంటి ఆడపడుచుకు పోవడం నాన్న కాలం నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. కరువులో కూడా దోసెడు పంపాము. చివరి కాయ అయిపోయాక నువ్వు సంచి ఉతికి, అడుగున బెల్లం పెట్టి తిప్పి పంపడమూ తప్పలేదు. నా చేతి మీదుగా అది ఆగకూడదనుకున్నాను. చేనంతా వెతికి ఉన్నవాటిలో లావు కాయలే ఏరాను. నువ్వు చిన్నవన్నది వాటినే. నీ మనవరాలు శివజ్యోతి కడుపుతో ఉందని, ఆరో నెల అని తెలిసే పంపాను.

రిపోర్టు సోమవారం వచ్చింది. గింజలో కాడ్మియం ఉంది, ఉండకూడనంత. వెంటనే నీ మనవరాలికి ఫోన్ చేశాను.

"తాతా, కాయలు శానా తియ్యగుండాయి. అవ్వ దినామూ ఉడకబెట్టి పెడతాంది" అంది.

మీ ఊళ్ళో వాన పడిందా అని అడిగి పెట్టేశాను.

లక్ష్మీ, మిగిలినవి పాతిపెట్టు. గేదెకు కూడా వేయవద్దు. రిపోర్టు నకలు ఇందులో పెట్టాను, అది చూపించి శివజ్యోతికి డాక్టరు చేత పరీక్షలు చేయించు. ఎవరు పెట్టారని ఆ పిల్ల అడిగితే నా పేరే చెప్పు.

ఇట్లు,
నీ ముందు తల ఎత్తలేని అన్న,
ఓబులేసు

ఇంత రాసి కవరు అతికిస్తుండగా మీ వైపు నుంచి నందికొట్కూరు బస్సు వచ్చింది. కండక్టరు నేను పంపిన సంచి ఇచ్చిపోయాడు. ఉతికి ఉంది. అడుగున బెల్లం ఉంది.