నిర్గమకాండం చదివిన ఆదివారం

యోహాను అన్నా,

ఉస్మాన్‌గంజ్ మార్కెట్‌లో మూటల కింద పడి నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున ఫలక్‌నుమా చర్చిలో నీ జ్ఞాపకార్థం నన్ను వాక్యం చదవమన్నారు. బైబిల్లో నువ్వు తోటి హమాలీలకు చదివి వినిపించిన నిర్గమకాండమే తెరిచాను. ఐగుప్తులో వెట్టిచేసేవాళ్ల మొర దేవుడు విన్న చోటు చదివాను.

పాస్టర్‌గారు ఆపారు. "ఓర్చుకోమనే వాక్యం చదువమ్మా."

నేను కూర్చోలేదు. "దేవుడు మోషేను ఓర్చుకోమనలే అయ్యగారూ. ఫరో రాజు దగ్గరికి పొమ్మన్నడు."

వెనక బెంచీలోంచి నీ జతగాడు మల్లయ్య లేచాడు. "చదువు చెల్లె, మేం వింటున్నం."

చివరిదాకా చదివాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక హమాలీలు మళ్లీ సంఘం కట్టారు. సంఘం లేని రోజుల్లో మూట బరువు తగ్గించమని సేటును నువ్వు ఒక్కడివే అడిగావు. రేపు అందరం కలిసి వెళ్లి అడుగుతాం. ముందు నేనుంటాను.

నీ చెల్లెలు
మార్త