మైకు ఒక్కటే తక్కువ

బతాంగాస్,
మంగళవారం.

డెల్ఫిన్ బావగారికి,

మీరు జపాన్ నుంచి వచ్చే పాతసామానులోంచి ఏరి పంపిన యాంప్లిఫయర్‌కి మీ తమ్ముడు మూతపడిన సినిమాహాలు స్పీకర్లు తగిలించారు. శనివారం తన పుట్టినరోజుకి పాడతారట. మైకు ఒక్కటే తక్కువ. దయచేసి అది పంపకండి.

పక్కింటి సెరాపియో, రిటైరైన పోలీసు, "కాస్త తగ్గించు బాబూ" అని రెండుసార్లు మర్యాదగానే అడిగాడు. "చెవిలో దూది పెట్టుకో తాతా!" అన్నారు ఈయన. నిన్న సెరాపియో నన్నాపి, "ఎక్కడ నిలబడి పాడతాడమ్మాయ్?" అని నవ్వుతూ అడిగాడు. పాటల గొడవలో కిందటేడు వెనకవీధిలో మైకు పట్టుకున్నవాణ్ణి పాట మధ్యలోనే కాల్చేసిన సంగతి మీకు తెలుసు. స్పీకర్లకి బేరం వచ్చిందని చెప్పి, శుక్రవారంలోగా బండి తీసుకురండి.

ఇట్లు,
మీ మరదలు.

ఉత్తరం మడుస్తుండగా సెరాపియో వచ్చాడు. పాత మైకు కానుకట. ఈయన మురిసిపోతున్నారు. దాని తీగ వాళ్లింటి వైపున్న మా కిటికీ దాకా వస్తుందో లేదో లాగి చూసుకుని మరీ వెళ్లాడు.