పసుపుపచ్చ గొట్టం

13 జనవరి 2007, శనివారం

ఇవాళ నీళ్ల అడుగున ఊపిరి పీల్చాను. క్లబ్ స్విమ్మింగ్ పూల్, పది అడుగుల లోతు. ఎందుకు చేరానో నాకే తెలీదు. ఆఫీసులో అడ్వెంచర్ క్లబ్ మెయిల్ వస్తే, పక్క సీటు సమీనా ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. వచ్చే నెల మురుడేశ్వర దగ్గర సముద్రంలో డైవ్.

వీపు మీది సిలిండర్‌కి గాలి పీల్చుకునే రెగ్యులేటర్లు రెండు. నల్లది నా నోటికి. పసుపుపచ్చ గొట్టంతో ఇంకోటి ఊరికే వేలాడుతుంది, దాన్ని ఆక్టోపస్ అంటారట. ఎదుటివాళ్లకు కనపడేలా రొమ్ము మీద బిగించుకోవాలని ఇన్‌స్ట్రక్టర్ గురుమూర్తి పదిసార్లు చెప్పాడు. నాది నాలుగుసార్లు జారి వీపు వెనక్కి పోయింది.

20 జనవరి, శనివారం

క్లిప్ గట్టిగా పెడితే లాగినా ఊడదు. వదులుగా పెడితే ఈదగానే జారిపోతుంది. రెండూ తప్పేనంటాడు గురుమూర్తి. మరి ఏది ఒప్పు? ఇంట్లో ప్రాక్టీస్ చెయ్యమని పాత సెట్ ఒకటి ఇచ్చి పంపాడు.

21 జనవరి, ఆదివారం

నాన్న ఆ సెట్‌ను తిప్పి తిప్పి చూశాడు. ఒకప్పుడు వర్తూరు చుట్టుపక్కల ఎవరి బావిలో మోటారు పడినా నాన్ననే, వెంకటేశప్పనే పిలిచేవాళ్లు. ఊపిరి బిగబట్టి మునిగి, తాడు కట్టి వచ్చేవాడు. ఇప్పుడు ఆ బావులన్నీ పూడ్చేశారు. ఒక అపార్ట్‌మెంట్‌లో పంపులు చూసుకుంటున్నాడు.

“నోరు ఒగటే గదా పాపా, ఇవి రెండెందుకు?” అన్నాడు.

నాతో దిగినవాళ్లకు గాలి అయిపోతే రెండోది వాళ్లకి అన్నాను. మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. కాఫీ తాగకుండానే లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు. అమ్మని అడిగితే, ఏమీ అడగొద్దంది.

నేనేమన్నాను?

22 జనవరి

పొద్దున నా బ్యాగ్ మీద సైకిల్ ట్యూబు కోసి చేసిన రింగు ఉంది. నాన్నే పసుపుపచ్చదాన్ని అందులో దూర్చి చూపించాడు. “లాగితే రావల్ల. లాగకుంటే ఉండల్ల. అంతే” అన్నాడు. నా మొహం చూడలేదు.

27 జనవరి, శనివారం

పూల్లో ఒక్కసారి కూడా జారలేదు. ఇది ఎక్కడ కొన్నావని గురుమూర్తి అడిగాడు.

4 ఫిబ్రవరి, ఆదివారం

నాన్న రమ్మంటే వెంట వెళ్లాను. తను పనిచేసేది కాదు, ఇంకో అపార్ట్‌మెంట్ గేటు ముందు ఆగి, లోపల కార్లు పెట్టేచోటు చూపించాడు. బావి అక్కడే ఉండేదట.

చిన్నాన్న వెంకటరాయప్ప కాలు జారి బావిలో పడి పోయాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను పుట్టకముందు, పాతికేళ్ల పైమాట. జారలేదట. మోటారు తియ్యడానికి అన్నదమ్ములిద్దరూ కలిసే మునిగారు. అడుగున చిన్నాన్న కాలికి తాడు చుట్టుకుంది. నాన్న విప్పుతూ విప్పుతూ ఉండగా నాన్నకే ఊపిరి అయిపోయింది.

“వాడు నా చెయ్యి పట్టుకున్యాడు పాపా. ఇడిపించుకొని పైకొస్తిని. గాలి పీల్చి మళ్లా మునిగితిని. అంతలోనే...”

గేటు దగ్గరి సెక్యూరిటీ వచ్చి ఎవరు కావాలని అడిగాడు. ఎవరూ లేరప్పా అన్నాడు నాన్న.

తప్పు నీది కాదు అనాలి. అనలేదు. అనుకున్నానో లేదో కూడా తెలీదు. డైవ్ మానేస్తానన్నాను. మానొద్దన్నాడు.

11 ఫిబ్రవరి, మురుడేశ్వర, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు దిగాం. నలభై అడుగుల లోతు. గురుమూర్తి కాస్త దూరంలో ఇంకో జంట దగ్గర ఉన్నాడు. నేను రాయి కింద తాబేలును చూస్తున్నాను. సమీనా తన గాలి మీటరు చూసుకోలేదు. గాలి లేదని మెడ మీద చెయ్యి అడ్డంగా ఆడించి సైగ చేసిందట. నేను చూడలేదు. ఆ తాబేలునే చూస్తున్నాను.

రొమ్ము మీద ఒక్క గుంజు. తిరిగేసరికి ఎదురుగా సమీనా కళ్లు. నా పసుపుపచ్చది అప్పటికే తన నోట్లో ఉంది. రింగు ఖాళీగా ఊగుతోంది. ఒకరి చేతులొకరం పట్టుకుని మెల్లగా పైకి వచ్చాం. ఎంతసేపు పట్టిందో తెలీదు.

పడవలో అందరూ నా భుజం తట్టారు. ప్రాణం కాపాడావన్నారు. సమీనా నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనేం చేశాను? నేనివ్వలేదు, తనే తీసుకుంది. అది వీపు వెనక్కి జారి ఉంటే తను వెతుకుతూ ఉండేది, నేను తాబేలును చూస్తూ ఉండేదాన్ని. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

13 ఫిబ్రవరి

నాన్నకు చెప్పాను. తాబేలు సంగతితో సహా. ఆ పిల్ల తిన్నగా ఉండాదా అని అడిగాడు. ఉంది అన్నాను. నన్నొకసారి ఆ పూల్ కాడికి పిల్చుకొని పో అన్నాడు.

నాకు భయమేసింది. దేనికో తెలీదు.

24 ఫిబ్రవరి, శనివారం

నాన్న నాతో పూల్లో దిగాడు. నా సిలిండరే, పసుపుపచ్చది నాన్న నోట్లో. అడుగున పక్కపక్కన కూర్చున్నాం. గురుమూర్తి రెండుసార్లు పైకి రమ్మని సైగ చేసినా కదల్లేదు.

గట్టు మీద తల తుడుచుకుంటూ అడిగాడు. “ఇది ఎప్పుట్నించి ఉండాది పాపా?”

ముప్ఫై, నలభై ఏళ్లుగా వాడుతున్నారని మాన్యువల్లో చదివాను. గురుమూర్తి నోరు తెరవబోయాడు. నేనే ముందు చెప్పేశాను.

ఈమధ్యనే నాన్నా.