చెవి పక్కన టిచ్ బటన్

మార్చి 3, మంగళవారం. మధ్యాహ్నం 2:10

ఇది ఎవరికీ పంపడానికి కాదు. నా నంబర్‌కి నేనే మెసేజ్ పెట్టుకుంటున్నాను. నోటితో చెప్పడం నాకు రాదు. వేళ్లతో కొంచెం వస్తుంది.

పొద్దున అక్కకి పాప పుట్టింది. ఏడవలేదు.

ఏడవకపోతే ఏమవుతుందో నాకు తెలీదు. నర్సు పాపని పట్టుకుని పరిగెత్తినప్పుడు తెలిసింది. బొడ్డుతాడు మెడకి రెండు చుట్లు పడిందంట. కాసేపు ఊపిరి అందలేదంట. ఆ హాస్పిటల్లో ఇంత చిన్నపిల్లలకి మిషన్లు లేవని అంబులెన్సులో పెద్ద హాస్పిటల్‌కి పంపేశారు. అక్క మంచం మీంచి లేవలేదు, అమ్మ అక్క దగ్గరే ఉండిపోయింది. బావా, నేనూ వెళ్లాం. బావ రోజూ నన్ను మౌనవ్రతం అని ఏడిపిస్తాడు. ఇవాళ దారంతా నా మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

మార్చి 3. సాయంత్రం 5

డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఆక్సిజన్ అందక పాప మెదడుకి దెబ్బ తగిలి ఉండొచ్చంట. ఎంత అనేది ఇప్పుడే తెలీదంట. మూడు రోజులు ఒంటిని చల్లగా ఉంచుతారంట, ముప్పై మూడున్నర డిగ్రీలు. అలా ఉంచితే దెబ్బ ఇంకా పాకకుండా ఆగొచ్చంట. తర్వాత మెల్లగా వెచ్చబెట్టి, ఎమ్మారై తీస్తారంట.

ఇప్పుడే తీసేయొచ్చు కదా మేడం అన్నాడు బావ. ఇప్పుడు తీస్తే దెబ్బ మొత్తం కనపడకపోవచ్చు, ఏమీ లేదనుకుని మోసపోతాం అంది.

మోసపోయినా బాగుండేది అనిపించింది నాకు.

మార్చి 4. పొద్దున 11

అమ్మ వచ్చి చూసింది. పాప ఒంటి మీద నూలుపోగు లేదు. కింద నీలం రంగు పరుపు, అందులో చల్లనీళ్లు తిరుగుతుంటాయి. ముక్కులో గొట్టం, నెత్తి మీద వైర్లు. పసిగుడ్డుని ఐసు మీద పడుకోబెడతారా, మీ ఇంట్లో పిల్లకైతే ఇలాగే చేస్తారా అని నర్సుని కడిగేసింది అమ్మ. మా ఇంట్లో పిల్లకైనా ఇదే చేస్తానమ్మా, ఇప్పుడు దీనికి ఇదే మందు అంది నర్సు. అమ్మ శాలువా తీసి కప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకునే ఏడ్చేసింది.

తర్వాత నర్సు నన్ను చేతులు కడుక్కుని ఒక్కసారి ముట్టుకోమంది. అరికాలు ముట్టుకున్నాను. పొద్దున్నే మా టైలర్ షాపు షట్టర్ తీసి కత్తెర పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

మార్చి 5

పాప కాలు కదిపిందంట. అది మంచి కదలికా, ఫిట్సా అనేది చూస్తున్నారంట. ఏదనుకోవాలో తెలీక ఏదీ అనుకోలేదు.

మార్చి 6. మధ్యాహ్నం 3

ఇవాళ వెచ్చబెడుతున్నారు. గంటకి అర డిగ్రీ కూడా లేదు. ఒక్కసారిగా పెంచకూడదంట.

నేను షాపుకి వెళ్లాను. నాది కాజాలు, బటన్ల పని, ఏడో క్లాసు మానేసినప్పటి నుంచీ. మూలకి కూర్చుని మెత్తటి ముక్కలు ఏరుకుంటుంటే, ఏంట్రా అది అన్నాడు మాస్టర్. ఇంకో ముక్క ఏరుకున్నాను. నోట్లో సూదులు పెట్టుకున్నావా, చెప్పి ఏడవరా అన్నాడు. టోపీ, పాపకి అన్నాను. ఆయన చేతిలో కత్తెర కింద పెట్టేసి, కటింగ్ నేను చేస్తాను, తల సైజు చెప్పు అన్నాడు. నర్సు చెప్పింది నాకు గుర్తుంది. ముప్పై నాలుగు సెంటీమీటర్లు.

గడ్డం కింద పట్టీ పెట్టాను. జారకుండా చెవి పక్కన టిచ్ బటన్ వేశాను, నొక్కితే టిక్కుమని పట్టుకునేది. బటన్ చల్లగా తగిలితే పాప ఉలిక్కిపడుతుందని పైనా కిందా గుడ్డ వేసి మూసేశాను. వేలితో తడిమినా తెలీదు. ఇంత నీట్‌గా ఎప్పుడూ కుట్టలేదు.

మార్చి 8, ఆదివారం

అక్క వచ్చింది. వీల్‌చైర్‌లో. పాపకి టోపీ పెట్టి, మా తమ్ముడు కుట్టాడు అని నర్సులందరికీ చూపించింది. నేను స్తంభం వెనక్కి వెళ్లిపోయాను. ఎమ్మారై రేపు.

మార్చి 9. పొద్దున 9:40

మత్తు ఇవ్వరంట. ముందు ఆకలి మీద ఉంచి, సరిగ్గా టైముకి గొట్టంతో పాలు పట్టి, గట్టిగా గుడ్డలో చుట్టేస్తే నిద్రపోతుందంట. నిద్రలో ఉన్నంతసేపూ ఫొటోలు తీస్తారు. మిషను చప్పుడికి లేవకుండా చెవుల్లో దూది పెట్టారు. ఈ టోపీ భలే ఉందే, దూది జారకుండా పట్టుకుంది అంది నర్సు. మీసాలాయన, అంటే ఎమ్మారై తీసేవాడు, బావని అడిగాడు. పిన్నులు, గొలుసులు, ఉంగరాలు ఏమైనా ఉన్నాయా అని. లేవు అన్నాడు బావ.

తలుపు సగం తెరిచి ఉంది. స్క్రీన్ కనపడింది.

పాప తలలో చెవి దగ్గర నల్లటి బొక్క ఉంది. నా పిడికిలంత. చుట్టూ తెల్లగా వంకర్లు తిరిగింది. సగం తల లేదు.

మెట్లు దిగి వచ్చేశాను. సైకిళ్ల స్టాండ్ దగ్గర ఉన్నాను. టైపు చేసినవన్నీ తప్పులే వస్తున్నాయి, కొట్టేసి మళ్లీ కొడుతున్నాను.

మార్చి 9. పొద్దున 11:20

అక్క అడిగింది, నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఏమైనా కనపడిందా అని. తల అడ్డంగా ఊపాను.

మార్చి 9. మధ్యాహ్నం 1

బావ వచ్చి చెప్పాడు. ఫొటోలు పాడైపోయాయంట. ఏదో లోహం అడ్డొచ్చిందంట, అది ఉన్నచోట నల్లగా పోతుందంట. గుండె కొట్టుకోవడం చూసే వైరు స్టిక్కర్ ఒకటి ఊడి తల దగ్గరికి చేరి ఉంటుందని మీసాలాయన అనుమానం. వెతికేలోపు పాప లేచి కేకలు పెట్టింది, తర్వాతివాళ్ల టైము వచ్చేసింది. రేపు పొద్దున ఏడున్నరకి మళ్లీ తీస్తారు.

లోహం.

మా షాపులో లోహం అంటే కత్తెర, సూది, మిషను. టిచ్ బటన్‌ని ఎవరూ లోహం అనరు. దారంతో పాటు ఒకే డబ్బాలో ఉంటుంది. గుడ్డతో పాటే లెక్క.

మార్చి 9. సాయంత్రం 4

షాపులో కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి అయస్కాంతం ఉంటుంది. అదే రకం బటన్ తీసుకుని దాని దగ్గర పెట్టాను.

అంటుకుంది.

అయితే ఆ బొక్క నాది. పాపది కాదు. నాదే అయ్యుండాలి. అవునో కాదో రేపు టోపీ తీస్తే తెలుస్తుంది. టోపీ తీసినా బొక్క ఉంటే?

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తింది. ఏంట్రా, తిన్నావా అంది. తిన్నాను అని పెట్టేశాను.

మార్చి 10. పొద్దున 8:30

ఏడుకే వెళ్లి ఎమ్మారై తలుపు దగ్గర నిలబడ్డాను. పాపని తెచ్చారు, పాలు పట్టేశారు, చుట్టేశారు. టోపీ పెట్టే ఉంది. మీసాలాయన ఈసారి స్టిక్కర్లన్నీ మార్పించాం, ఇక ఢోకా లేదు అన్నాడు. తలుపు తీస్తున్నాడు. నేను అడ్డం వెళ్లాను. ఏంటి బాబూ అన్నాడు. బావ, ఒరేయ్ జరగరా, పిల్ల లేస్తుంది అన్నాడు. నేను జరగలేదు. ఫోన్ తీసి పెద్ద అక్షరాలు కొట్టి మీసాలాయన మొహం ముందు పెట్టాను.

టోపీలో టిచ్ బటన్ ఉంది. లోపల కుట్టాను. నేనే.

ఆయన చదివాడు. టోపీ విప్పి చెవి పక్కన గట్టిగా నొక్కి చూశాడు. ఓరి నీ పనితనం తగలెయ్య, నిన్నంతా నన్ను తిప్పలు పెట్టిన దెయ్యం ఇదా అన్నాడు. బావ నన్ను కొడతాడనుకున్నాను. నా మెడ మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

ముప్పావుగంట పట్టింది. బయటికి చప్పుడు వస్తూనే ఉంది. కాసేపు మా అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌లా, కాసేపు కాజా మిషన్‌లా. ఆగినప్పుడల్లా నాకూ ఊపిరి ఆగింది.

మీసాలాయన బయటికి వచ్చాక చూపు కలిపాను. ఆయనే అన్నాడు, నీ బొక్క పోయింది పో. మిగతాది డాక్టరమ్మ చెబుతుంది అన్నాడు.

మిగతాది ఏంటి?

మార్చి 11. మధ్యాహ్నం 12

డాక్టరమ్మ అక్కని, బావని కూర్చోబెట్టి స్క్రీన్ మీద చూపించింది. నేను గోడకి ఆనుకున్నాను. బొక్క లేదు. తల నిండుగా ఉంది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

అప్పుడు పెన్నుతో మధ్యలో చూపించింది. అటొకటి, ఇటొకటి. తెల్లటి మచ్చలు, చిన్నవి. కాళ్లూ చేతులూ కదిలించే చోటు అదేనంట. మిగతా అంతా బాగుందంట. నడుస్తుందా అన్నాడు బావ. నడవొచ్చు, ఆలస్యం కావొచ్చు, ఇబ్బంది ఉండొచ్చు, ఈ ఫొటో చూసి మాట ఇవ్వలేను, పిల్ల పెరుగుతుంటే చూడాలి అంది. అక్క ఏం చూడాలి అని అడిగింది. పాలు తాగుతోందా, తల నిలబెడుతోందా, నెలనెలా తల కొలత పెరుగుతోందా అంది. మెదడు పెరిగితేనే తల పెరుగుతుందంట.

అక్క ఏడవలేదు. పాప కూడా ఆ రోజు ఇలాగే ఏడవలేదు. నాకు అదే భయం వేసింది.

మార్చి 16

పాప ఇంటికి వచ్చింది. టోపీకి బటన్ పీకేసి దారం ముడులు పెట్టాను. టేపు కూడా తెచ్చుకున్నాను, షాపుది. ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు.

మార్చి 24

రోజూ కొలవకురా, పిల్ల గుమ్మడికాయ కాదు అని అమ్మ తిట్టింది. నిన్నా అంతే ఉంది. మొన్నా అంతే.

ఏప్రిల్ 3

ముప్పై ఆరు సెంటీమీటర్లు. టోపీ కుట్టినప్పుడు ముప్పై నాలుగు.

మూడుసార్లు కొలిచాను. టోపీ తెచ్చి పెట్టి చూశాను. చెవుల దాకా కూడా దిగలేదు.

నేను కుట్టింది పట్టలేదని మాస్టర్‌కి నోటితోనే చెప్పాను.